ఊళ్ళో ఎవరూ ఎక్కని బస్సు

నేను సర్పంచిగా గెలిచిన కొత్తలో మండలాఫీసులో మీటింగుకి వెళితే, నాకోసం వేసిన కుర్చీలో మా ఆయన్ని కూర్చోమన్నారు. ఆయన పాపం సిగ్గుపడి గోడవారగా నిలబడిపోయాడు. చెరకు తోటలో నీళ్ళు కట్టుకుంటున్న మనిషిని నేనే బతిమాలి, కాస్త బండి మీద దింపమని తీసుకెళ్ళాను, అంతే. "సర్పంచిని నేనండీ, ఆయన నన్ను దింపడానికొచ్చారు," అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు తరవాత ఆ ఆఫీసులో నా కుర్చీ జోలికి ఎవరూ రాలేదు.

ఊళ్ళో మాత్రం ఆ జబ్బు అంత తొందరగా వదల్లేదు. నేను కుళాయి వేయిస్తే "ఆయన ఏయించినాడు" అనేవారు. వీధిలైటు పెట్టిస్తే "ఆయన పెట్టించినాడు" అనేవారు. నాకేం తెలీదు బాబోయ్ అని మా ఆయన మొత్తుకుంటే, ఆహా ఎంత వినయం అని మెచ్చుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన ఖాతాలో ఎవరూ వెయ్యలేని పని ఒక్కటైనా చేసి చూపించాలని పంతం పట్టాను. ఆ పని బస్సు.

మా ఊరు నర్సీపట్నానికి చాలా దగ్గర. పట్నం లేఅవుట్ల హద్దురాళ్ళు మా జీడితోటల దాకా వచ్చేశాయి. కానీ నాతవరం నుంచి నర్సీపట్నం వెళ్ళే మెయిన్ రోడ్డు ఊళ్ళోకి రాకుండా పక్కనుంచి పోతుంది. బస్సుల హారన్లు మాకు ఇంట్లోకి వినిపించేవి, బస్సులు మాత్రం కనిపించేవి కావు. ఊరికి దిక్కు షేరాటోలే. కాలేజీకెళ్ళే ఆడపిల్లలు డ్రైవరు పక్కన సగం లోపల, సగం బయట కూర్చుని వెళుతుంటే చూసేవాళ్ళకి గుండె జారేది. ఓట్లప్పుడు వచ్చిన ప్రతివాడూ బస్సు వేయిస్తామన్నాడు. గెలిచాక ఒక్కడూ ఆ మాటెత్తలేదు.

నేను ఎత్తాను. నర్సీపట్నం డిపోకి నేను తిరిగినన్ని సార్లు అక్కడి కండక్టర్లు కూడా తిరిగి ఉండరు. నన్ను చూడగానే వాచ్‌మన్ "మళ్ళీ వచ్చారా అమ్మా" అని స్టూలు వేసేవాడు. అక్కడి అధికారి నెమ్మదైన మనిషి, విసుక్కోకుండా వినేవారు. "మీ ఊళ్ళో చర్చి దగ్గర మలుపు ఇరుకమ్మా, బస్సు తిరగదు," అన్నారు. చర్చికి వెళ్ళి పాస్టరుగారిని అడిగాను. ఆయన సంఘంతో మాట్లాడి, ప్రహరీ మూల పడగొట్టి లోపలికి జరిపి కట్టించారు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయింది. ఇంకేముంది, నాతవరం నుంచి వచ్చే బస్సు మెయిన్ రోడ్డు దిగి, మా ఊళ్ళోంచి చుట్టు తిరిగి, కాలువ కల్వర్టు దగ్గర మళ్ళీ రోడ్డెక్కేలా మంజూరైంది. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. కొన్నాళ్ళు నడిపి చూస్తాం, జనం ఎక్కితే ఉంటుంది, లేకపోతే లేదు అన్నారు. జనం ఎక్కకపోవడమేమిటి, వీళ్ళకేమైనా మతిపోయిందా అనుకున్నాను.

మొదటిరోజు మావాళ్ళు ఆ బస్సుకి కొత్త పెళ్ళికొడుక్కి చేసినట్టు చేశారు. ప్రతి గుమ్మం ముందూ ఆపడం, హారతివ్వడం, గుమ్మడికాయ కొట్టడం. అద్దానికి వేసిన బంతిపూల దండల్లోంచి దారి కనపడక డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. ఊరు దాటేసరికి పొద్దెక్కిపోయింది. అప్పటికే ఎక్కి కూర్చున్న నాతవరం జనం మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. మా ఆయన గుంపులో వెనకాల నిలబడి నాకు చప్పట్లు కొట్టాడు. ఆ రోజు ఎవరూ "ఆయన ఏయించినాడు" అనలేదు. నేను గాల్లో తేలిపోయాను.

తరవాత చూద్దును కదా, బస్సు ఊళ్ళోకి వస్తోంది, మావాళ్ళు ఒక్కరూ ఎక్కకుండానే పోతోంది. పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి చూసేదాన్ని. బస్టాపులో బస్సు ఆగుతుంది, కండక్టరు దిగి అటూ ఇటూ చూస్తాడు, ఈల వేస్తాడు, పోతుంది. ఎవరినడిగినా "అయ్యో, రేప్పొద్దున్న ఎక్కుతామమ్మా, నువ్వేయించిన బస్సు ఎక్కకపోతామా" అనేవారు. ఆ రేపు వచ్చేది కాదు.

కారణం నాకు తెలియకపోలేదు. కారణం మా మరిది. మా ఆయన సొంత తమ్ముడు, పక్క వీధిలో వేరు కాపురం, మా అత్తగారు కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. అతను షేరాటో తోలుతాడు, ఊళ్ళో ఆటోలవాళ్ళందరికీ పెద్ద. బస్సు వచ్చే వేళకి ఆటోలు బస్టాపు పక్కనే ఉండేవి. మరిది ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు, బెదిరించలేదు. "ఏటత్తా, బాగున్నావా? టౌనుకేనా?" అనేవాడు నవ్వుతూ. ఇక చచ్చారే! ఊళ్ళో సగంమంది అతనికి అత్తో పిన్నో వదినో అవుతారు. పురుడొచ్చినా, పాము కరిచినా, ఏ వేళ పిలిచినా వచ్చినవి ఆ ఆటోలే. ఆ మనిషి మొహం చూస్తూ చూస్తూ పక్కనున్న బస్సెక్కాలంటే మావాళ్ళకి కాళ్ళాడవు. మాకున్నంత మొహమాటం ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదేమో.

అలా ఉండగా డిపో అధికారి రమ్మని కబురు చేశారు. "మీ ఊళ్ళో ఎక్కేవాళ్ళే లేరమ్మా. ఊరు దాటాక కల్వర్టు దగ్గర మాత్రం బస్సు నిండిపోతోంది. అది పక్క ఊరి స్టేజీ కిందకొస్తుంది. అలాంటప్పుడు ఊళ్ళోకి చుట్టు తిప్పడం దేనికి? రోడ్డు మీదనుంచే తిన్నగా పంపిద్దామనుకుంటున్నాం," అన్నారు. కల్వర్టు దగ్గర ఎవరెక్కుతారు? అక్కడ కాలువ, చెరకుతోట తప్ప ఒక్క ఇల్లు లేదు. నేను బతిమాలితే ఆయన నా మాట మన్నించి సోమవారం దాకా గడువిచ్చారు. ఆ పొద్దున తనే బస్సులో వచ్చి చూస్తానన్నారు.

మర్నాడు పొద్దున్నే కల్వర్టు దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. బస్సు వేళైంది. చెరకుతోట కదిలింది. ముందొక తల బయటికొచ్చింది, దాని వెనక ఇంకోటి. చీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, మా ఊరి ఆడంగులంతా గట్టుమీద వరసగా వస్తున్నారు! పిక్కల దాకా బురద. నెత్తిమీద కూరగాయల గంప పెట్టుకున్నావిడ ఒకత్తి, చంకలో పిల్లని వేసుకున్నది ఒకత్తి. కాలవలో దిగి కాళ్ళు కడుక్కుని, చీరలు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు. అప్పుడు నన్ను చూశారు. "ఓలమ్మో, సర్పంచమ్మ!" అని ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంతలో ఆఖర్ని వచ్చిన మనిషిని చూసి నోరు తెరిచాను. మా తోటికోడలు! సాక్షాత్తూ మరిది పెళ్ళాం! టౌన్లో బట్టలకొట్లో బ్లౌజులు కుట్టే పనికి వెళుతుంది.

"నువ్వేటే ఇక్కడ? మీ ఆయన ఆటో ఉంది గదా!"

"ఆ సీట్లో నాను కూకుంటే బేరం పోద్ది గదక్కా," అంది నెమ్మదిగా. "ఊళ్ళో బస్సెక్కితే ఆయన పరువు పోద్ది. అందుకే ఇలగొస్తన్నాను. సెప్పకక్కా, నీకు దణ్ణమెడతాను."

సాయంత్రం కూడా అదే వరస. టౌన్నుంచి వస్తూ కల్వర్టు దగ్గర అందరూ దిగిపోవడం, గట్టమ్మట నడిచి ఇళ్ళకి రావడం, మావాళ్ళు ఒక్కరూ లేకుండా బస్సు ఊళ్ళోకి ఊరేగింపుగా రావడం. నేను సంపాదించుకొచ్చిన బస్సు నా కళ్ళముందే పక్క ఊరి బస్సు అయిపోతోంది.

ఆ వారంలోనే మా పార్టీ పెద్దాయన నర్సీపట్నంలో తన ఇంటికి పిలిచారు. ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి. నన్ను ఎంపీటీసీగా నిలబెట్టి, గెలిస్తే మండలాధ్యక్షురాలి కుర్చీలో కూర్చోబెట్టాలని వాళ్ళ ఆలోచన. కాఫీ ఇప్పించి అసలు సంగతికొచ్చారు. "బస్సు రోడ్డు మీద పోనీమ్మా. ఆటోవాళ్ళకి ఊరు, బస్సుకి రోడ్డు. నీ జనం కల్వర్టు కాడ ఎలాగూ ఎక్కతన్నారు. ఎవులికీ బాధ లేదు. ఆటోవోళ్ళు అలిగితే మండలమంతా అలుగుతారు. నువ్వు సోమవారం ఊరుకుంటే సాలు, నీ పేరు నాను రాయించుకొస్తాను."

ఊరుకుంటే చాలు! నిజం చెప్పాలంటే ఆ కుర్చీ నాకు కావాలి. అక్కరలేదని దొంగ వేషాలు వెయ్యను. మా మండలంలో బస్సు మొహం చూడని ఊళ్ళు ఇంకా ఉన్నాయి, వాటి సంగతి చూడగల సత్తా నాకుందని నాకు తెలుసు. కానీ ఆ గంప నెత్తిన పెట్టుకున్నావిడ వానాకాలంలో ఆ గట్టుమీద ఎలా నడుస్తుంది? నిండు నెలల మనిషి కాలవ గట్టెక్కి బస్సు కోసం నిలబడుతుందా? చెరకు నరికేశాక దాక్కోడానికి చాటు కూడా ఉండదు. "ఆలోచిస్తానండీ," అని లేచి వచ్చేశాను.

ఆలోచించాను. వీళ్ళకి ఉపన్యాసం చెబితే వినరు, తలూపి మళ్ళీ చెరకుతోటలో దూరతారు. వీళ్ళ మొహమాటాన్ని ఇంకా పెద్ద మొహమాటంతోనే కొట్టాలి. ఆదివారం సాయంత్రం పట్టుచీర కట్టుకుని, కుంకంబరిణె పట్టుకుని బయల్దేరాను. బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే మా ఊళ్ళో ఎంత తప్పో వేరే చెప్పక్కరలేదు. బతికున్నన్నాళ్ళూ దెప్పుతారు.

ముందు మరిది ఇంటికే వెళ్ళాను. వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. అతని ఎదురుగానే తోటికోడలికి బొట్టు పెట్టాను.

"ఏటొదినా, పేరంటమేటి?" అన్నాడు.

"పేరంటమే అనుకో. రేప్పొద్దున్న మా బస్సెక్కడానికి పిలస్తన్నాను. మన ఊరి బస్టాపులో. నీకు సెప్పకుండా పిలవడం మర్యాద కాదని ముందు నీ ఇంటికే వచ్చినాను."

మరిది గుడ్డ పిండి దండెం మీద ఆరేసి లోపలికి పోయాడు. తోటికోడలు బొట్టు చెరక్కుండా చెంగుతో మొహం తుడుచుకుంది.

అక్కడినుంచి గుమ్మం గుమ్మం తిరిగాను. "బస్సెక్కడానికి బొట్టేటే తల్లీ!" అని ఒక ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. "బొట్టెట్టి పిలిస్తే గానీ రారు గదా మీరు! గట్లంట తిరగడానికి మాత్రం పిలవక్కర్లేదు," అన్నాను. చర్చి వీధిలో బొట్టు పెట్టరు కనుక అక్కడ రెండు చేతులూ పట్టుకుని పిలిచాను. గోడ వెనక్కి జరిపి కట్టింది మీరే, మీరు ఎక్కకపోతే ఎలాగర్రా అన్నాను. అందరూ వస్తామన్నారు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి మా ఆయన మీద ఊరికే కేకలేశాను. పాపం ఆయన పడ్డాడు.

సోమవారం పొద్దున్న బస్టాపు చూస్తే పెళ్ళిపందిరిలా ఉంది. పెట్టెలోని చీరలు తీసి కట్టుకొచ్చారు. కొందరు పూలు కూడా పెట్టుకున్నారు. పక్కన ఆటోలు మామూలుగానే ఉన్నాయి, ముందు ఆటోలో మరిది ఉన్నాడు. నవ్వడం లేదు, ఎవరినీ పలకరించడం లేదు. బస్సు వచ్చింది. డిపో అధికారి ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. కండక్టరు దిగి రండమ్మా రండి అన్నాడు.

ఒక్కరు కదల్లేదు. అంతమందీ మరిది వంక చూస్తూ నిలబడిపోయారు. నేను కళ్ళతో సైగలు చేశాను, చేతులూపాను. లాభం లేదు. నేనే ముందెక్కితే సర్పంచి తన బస్సు తాను ఎక్కింది అంటారు. డ్రైవరు నావైపు జాలిగా చూసి గేరు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మరిది ఆటో దిగాడు. తిన్నగా ఆడవాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటలా గుడ్లప్పగించి సూస్తన్నారు నన్ను? నానేమన్నా పులినా?" అని అరిచాడు. "మీరు కల్వట్టు కాడ ఎక్కతన్నారని నాకు తెల్దనుకున్నారేటి? రోజూ మీ వెనకాలే సగం ఖాళీ బండేసుకుని టౌనుకెల్తన్నాను గదా, కళ్ళు కనపడవా నాకు? నా బేరం పోతే పోనాది. నన్ను సూసి మీరు దొంగల్లాగ తోటల్లో దూరతన్నారు సూడు, దానికి సచ్చిపోతన్నాను నాను. మా అత్త, మా పిన్ని, నా పెళ్ళాం! నా మూలంగా బురదలో నడస్తన్నారని తెలిసి నాకు కూడు సయించడం లేదు. ఎక్కండి! బేగి ఎక్కండి, డైవరు ఎంతసేపు ఆపుతాడు?"

తోటికోడలు ఏడుస్తూనే గబగబా వెళ్ళి మెట్టెక్కింది. ఆమె వెనక ముసలావిడ, ఆమె వెనక గంప, ఇక తోసుకున్నారు. పద్ధతిగా ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఎక్కడమనేది మావాళ్ళకి ఎలాగూ రాదు. కిటికీల్లోంచి చేతిరుమాళ్ళు విసిరి సీట్లు ఆపుకోవడం కూడా మొదలుపెట్టారు. అధికారి లేచి తన సీటు ఒక బాలింతకిచ్చి, రాడ్డు పట్టుకుని నిలబడి ప్రయాణం చేశారు. బస్సు ఊళ్ళోంచే వెళుతుందని ఆ రోజే ఖాయమైపోయింది.

మరిది మా బస్సు కంటే ముందే బయల్దేరిపోయాడు. నర్సీపట్నం దాకా ఆ ఖాళీ ఆటో మా ముందే వెళ్ళింది. నేను డ్రైవరు వెనక నిలబడి దాన్నే చూస్తూ వెళ్ళాను. గెలిచానని సంబరం, అతనికి చేసిన నష్టం, రెండూ నావే. చుట్టూ అందరూ నన్ను పొగుడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దాయనకి ఆ సాయంత్రమే చెప్పాను, బస్సు ఊళ్ళోంచే పోతుందండీ అని. "నీ కాళ్ళు నువ్వే నరుక్కున్నావమ్మా," అన్నారు. నా పేరు బదులు ఇంకెవరి పేరో పంపారట, పంపుకోనివ్వండి. నేను ఇండిపెండెంటుగా నిలబడుతున్నాను. పక్క ఊళ్ళవాళ్ళు ఇప్పటికే మా ఇంటికొచ్చి, మా ఊరికి కూడా బస్సు వేయించమ్మా అని అడుగుతున్నారు. మా ఆయన వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "ఆవిడ లోపలుంది, ఆవిడతోనే మాట్లాడండి," అంటున్నాడు.

ప్రచారం మొన్ననే మొదలుపెట్టాను. ప్రతి ఇంట్లోనూ అదే మాట. "నీకు కాకపోతే ఇంకెవులికేస్తామమ్మా! మాకు నువ్వు సెప్పాలా!" అని కాఫీలిచ్చి మరీ పంపించారు. నడుచుకుంటూ మరిది ఇంటికి వచ్చాను. సోమవారం తరవాత మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆటోలో ఇప్పుడు మనుషుల కంటే కూరగాయల బస్తాలే ఎక్కువ తోలుతున్నాడని విన్నాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"ఓటడగడానికొచ్చినాను మరిదీ," అన్నాను.

మరిది తిన్నగా నా మొహంలోకి చూశాడు. "నీకెయ్యనొదినా," అన్నాడు. "నువ్వు సేసింది మంచి పనే, కాదన్ను. కానీ నీ బస్సు నా బేరం సగం తినీసింది. నా సెయ్యి నీ గుర్తు మీదికి ఎల్లదు. అమ్మదీ, మా యావిడిదీ ఆళ్ళనే అడుగు, నాను అడ్డుపడను."

లోపల్నుంచి తోటికోడలు పరిగెత్తుకొచ్చింది. "మొగమ్మీదే అలగనీస్తారేటండీ! ఎయ్యకపోతే ఎయ్యకపోనారు, ఏస్తానని సెప్పొచ్చు గదా!" అని మొగుడి మీద విరుచుకుపడింది. నాకు నవ్వాగలేదు. మరిది కూడా నవ్వేశాడు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో కడుపారా టీ తాగి లేచాను.

నేను గెలుస్తాను, ఆ నమ్మకం నాకుంది. ఎన్ని ఓట్లతో అని అడిగితే మాత్రం చెప్పలేను. మా ఊరు బస్సెక్కుతామని కూడా ఇంత గట్టిగానే చెప్పింది. ఈ ఊరు మొత్తంలో ఎటు పడుతుందో నాకు కచ్చితంగా తెలిసిన ఓటు మా మరిదిది ఒక్కటే, అది నాకు పడదు.